నిండు చేతుల రైక

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి సంఘంలో స్త్రీల కూడికలు చూసే పెద్దావిడ నన్ను ఆపి, వచ్చే వారం ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పమంది. చలికాలం ఆరాధనలకు ఎట్లా తయారై రావాలి, వెచ్చగానూ మర్యాదగానూ ఎట్లా కట్టుకోవాలి, అదీ విషయం. బడిలో పాఠాలు చెప్పేదానివి, నీ మాటైతే వింటారు అంది. నేను చెప్పలేనన్నాను. సిగ్గుపడుతున్నాననుకుని నవ్వి, వీపు తట్టి వెళ్లిపోయింది. సిగ్గు కాదు. ఆ విషయం మీద నాకు తెలిసినంత అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసింది తెలిసినట్టు చెప్తే ఆ పిల్లల తల్లులు ఝడుసుకుంటారు. అందుకే అక్కడ చెప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది మోత్కూరు దగ్గర పల్లె. తెలంగాణ వచ్చిన కొత్త. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇస్తామని మా వాడంతా కాలువలు తవ్వి వదిలేశారు, వాటి మీద బండలు వేసుకుని దాటేవాళ్లం. చర్చి అప్పటికి రేకుల షెడ్డు. కింద సిమెంటు గచ్చు, దాని మీద చాపలు, ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు. చలికాలం పొద్దున ఆ రేకుల నుంచి మంచు నీళ్లు బొట్లు బొట్లుగా మెడ మీద పడేవి. ఇప్పుడు స్లాబు పోశారు, టైల్స్ వేశారు, చాపల జాగాలో కుర్చీలొచ్చాయి. పొద్దుటి ప్రార్థనలు ఫోన్లో జరుగుతున్నాయట, ఎవరింట్లో వాళ్లు దుప్పటి కప్పుకుని వినొచ్చు.

అప్పుడట్లా కాదు. క్రిస్మస్ నెల వచ్చిందంటే రోజూ కోడి కూసే వేళకు వాడంతా చర్చిలో ఉండాలి. అమ్మ మమ్మల్ని దుప్పట్లోంచి లాగి కూర్చోబెట్టేది. కొబ్బరినూనె గడ్డకట్టి ఉండేది, సీసాను పొయ్యి పక్కన పెట్టి కరిగించి తలకు రాసేది. రేకు పెట్టె తీయగానే బట్టల మధ్య వేసిన డాంబర్ గోళీల వాసన ఇల్లంతా కమ్మేది. నాకు గౌను మీద గౌను, దాని మీద స్వెటర్, కాళ్లకు మేజోళ్లు, నెత్తికి మంకీ టోపీ. అక్కకు చున్నీ. అక్క అప్పుడు పదో తరగతి, నేను ఆరు. దారి పొడుగునా నోట్లోంచి పొగలు వదులుతూ, చుట్ట తాగే ముసలాయన లాగా దగ్గుతూ నేను నడిచేదాన్ని, అక్క నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకునేది.

ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ వాళ్లింట్లో పెద్ద గిన్నెలో అల్లం చాయ కాచేవాళ్లు. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, టోస్టు ముంచుకుని తినడం కోసమే మేము పిల్లలం అంత చలిలో లేచి వెళ్లేవాళ్లమని పాస్టరయ్యకు తెలుసు. చాయ అయ్యేలోపు గుమ్మం ముందున్న చెప్పుల కుప్ప మా రాజ్యం. ఒకరి జోడు ఇంకొకరి జోడుతో కలిపేసి గోడ వెనక దాక్కునేవాళ్లం. పెద్దవాళ్లు ఒంటికాలి మీద గెంతుతూ వెతుక్కుంటుంటే మాకు అంతకు మించిన పండుగ లేదు. మా నాయిన చెప్పులను మాత్రం ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

నాయిన సర్కారు బడిలో అటెండరు, చర్చిలో సంఘపెద్ద. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. ఆయన పక్కన స్టూలు మీద ఒక బుట్ట, బుట్ట నిండా ఉతికిన తెల్ల తువ్వాళ్లు. నెత్తిన ముసుగు లేకుండా వచ్చిన ఆడమనిషికి ఒక తువ్వాలు అందించేవాడు. పైట పల్చగా ఉన్నా, చున్నీ జారినా అందించేవాడు. మాట అనేవాడు కాదు, చూసేవాడంతే. ఆ చూపుకు ముసలివాళ్లు కూడా కొంగు సర్దుకునేవాళ్లు. కుక్కలు లోపలికి రాకుండా గోడకు ఒక సన్నటి వెదురు బెత్తం ఆనించి ఉండేది. మా ఊళ్లో ఆయనను మంచి మనిషి అనేవాళ్లు. తాగడు, ఆకు వక్క కూడా వేసుకోడు. తాగి ఉంటే ఆ సాకన్నా చెప్పుకునేవాళ్లం.

ఆయన అమ్మను కొట్టేవాడు. చాయ చల్లారిందని కొట్టేవాడు. పత్తి ఏరడానికి వెళ్లిన చోట ట్రాలీ ఆటో నడిపే అతనితో నవ్వుతూ మాట్లాడిందని కొట్టేవాడు. ఏ తప్పూ దొరకని రోజు, ఎందుకు మొహం మాడ్చుకున్నావని కొట్టేవాడు. గొడ్డును బాదినట్టు బాదేవాడు గానీ, ఎక్కడ బాదాలో తెలిసి బాదేవాడు. వీపు మీద, తొడల మీద, భుజాల మీద. మొహం మీద ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు. మోచేతుల కింద కూడా ముట్టేవాడు కాదు. పొద్దున్నే చర్చి ఉంటుంది కదా. ఆయన చెయ్యి లేచిందంటే అక్క నా మంకీ టోపీని చెవుల కిందికి లాగి, దాని మీద తన రెండు అరచేతులూ గట్టిగా నొక్కి పట్టుకునేది. అయినా వినపడేది.

మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, వాడ చివర ఒంటిగదిలో ఉండేది. నల్ల గొంగడి కప్పుకుని కోళ్ల వెంట తిరిగేది. ఆమెకు అన్నీ తెలుసు. వాని అయ్య ఇంతకన్నా ఎక్కువ కొట్టేటోడు, ఓర్చుకో బిడ్డా అనేది అమ్మతో. అమ్మకు నిండు చేతుల స్వెటర్ తెచ్చి ఇచ్చింది కూడా ఆమే. చలికాలమే గద, తొడుక్కుంటే ఎవరు అడుగుతరు అంది. ఆవనూనె వేడి చేసి కోడలి వీపుకు పట్టించేది, కొడుకును మాత్రం ఒక్క మాట అనేది కాదు. అప్పుడు ఆ అవ్వంటే నాకు ఎంత కోపమో చెప్పలేను.

అందరికీ చలికాలం కష్టం, మా అమ్మకు ఎండాకాలం కష్టం. ఎండల్లో పొట్టి చేతుల రైక వేసుకుని పైట రెండు భుజాల మీదుగా కప్పుకుని, చెమటలు కక్కుతూ కూర్చునేది. చలి మొదలవగానే ఆమె ప్రాణం కుదుటపడేది. స్వెటర్, దాని మీద శాలువా, నెత్తి మీద ముసుగు. అప్పుడామెను ఎవరూ ఏమీ అడగరు. రేకు పెట్టెలోంచి స్వెటర్లు తీసే రోజు మా అమ్మ మొహంలో ఒక తేట ఉండేది. అది మా కోసం అనుకునేదాన్ని.

ఆ ఏడు ఒక పొద్దున నాయిన చొక్కా ఇస్త్రీ సరిగ్గా కాలేదు. కరెంటు పోయి వచ్చింది, మడత సగమే పడింది. ఆయన ఇస్త్రీ పెట్టె వైరు లాగి, రెండు మడతలు వేసి, దానితో కొట్టాడు. అమ్మ గోడకు ఆనుకుని, చీర కొంగు పళ్ల మధ్య పెట్టుకుని నిలబడింది. ఆ చొక్కానే తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకుని ఆయన ముందు వెళ్లిపోయాడు. అమ్మ పసుపు, నూనె కలిపి అందినంత మేర రాసుకుంది, అందని చోట అక్క రాసింది. మేము వెళ్లేసరికి మొదటి పాట సగమైంది. గుమ్మంలో నాయిన నలుగురూ వినేలా, ఎందుకింత ఆలస్యమైంది, పిల్లలు లేవలేదా అని నవ్వుతూ అడిగాడు. అమ్మ అవునంది.

ఆ పొద్దునే పాస్టరమ్మ మా అమ్మను లేపి నిలబెట్టింది. మంచి మనిషి పాస్టరమ్మ, ఆమె మనసులో కల్మషం లేదు. ఈ చెల్లెను చూడండి, మెడ దాకా, మణికట్టు దాకా ఎంత నిండుగా కట్టుకుని వస్తుందో, చలికి చలీ ఆగుతుంది, మర్యాదకు మర్యాద, దేవుని సన్నిధికి వచ్చే స్త్రీ ఇట్లా ఉండాలి అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాయిన కూడా గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. అమ్మ తల దించుకుంది, దాన్ని కూడా అణకువే అనుకున్నారు.

ఇక వాడలో నిండు చేతుల రైకలు మొదలయ్యాయి. మోత్కూరు దర్జీకి ఊపిరాడలేదు. మొన్న మొన్న పెళ్లయి వచ్చిన కోడళ్ల నుంచి మనవరాళ్లున్న ముసలమ్మల దాకా మణికట్టు వరకు చేతులు కుట్టించుకున్నారు. నెల తిరగకుండానే అది చర్చిలో నియమమైంది. చలికాలం పోయినా నియమం పోలేదు. ఎండలు మండే రోజుల్లో కూడా ఆడవాళ్లు చంకల్లో చెమట మరకలతో, నిండు చేతులతో కూర్చుని విసనకర్రలు ఊపుకున్నారు. అంతా మా అమ్మను చూసి నేర్చుకున్నదే అని పాస్టరమ్మ మురిసిపోయేది. మా ఇంట్లో జరిగింది వేరు. అంతకు ముందు మోచేతి దగ్గర ఆగిపోయే ఆయన దెబ్బ ఇప్పుడు మణికట్టు దాకా వచ్చింది. రైక చేతులు పెరిగిన మేరకు ఆయనకు జాగా పెరిగింది.

మరుసటి ఏడు మళ్లీ క్రిస్మస్ నెల వచ్చింది. పిండివంటలు మా ఇంట్లోనే చేశారు. సకినాలు, గరిజెలు, బెల్లం అరిసెలు. బియ్యప్పిండి తడి వాసన, నువ్వుల వాసన, కాగే నూనె పొగ కలిసి వాకిలి దాటి వాడలోకి పోయాయి. నేను గరిజెల్లోని కొబ్బరి చక్కెర దొంగిలించి మంకీ టోపీలో దాచుకున్నాను, చీమలు పట్టి రెండు రోజులు నెత్తి గోక్కున్నాను. పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు కొందరు చేతులు పైకి మడుచుకున్నారు. అమ్మ మడుచుకోలేదు. పొయ్యి మంట ఎగిసి రైక చేతి అంచుకు నిప్పంటుకుంటే అరచేత్తో నలిపేసిందే తప్ప గుండీ విప్పలేదు.

ఆ పండుగకు అక్కకు పోచంపల్లి బట్ట తెచ్చింది అమ్మ. అమ్మ చిన్ననాటి స్నేహితురాలు ఒకామె అక్కడ మగ్గం నేసే ఇంట్లో ఆసు మీద నూలు పోస్తుండేది, మిగిలిన ముక్క ఇచ్చింది. ఎర్రటి బట్ట మీద తెల్ల చిలుకలు. దర్జీ కొలత వేసి, పొడుగు చేతులకు బట్ట చాలదన్నాడు. మోచేతికి పైన ఆగే చేతులు కుట్టాడు. పైన స్వెటర్ ఉంటుంది కదా, పరవాలేదులే అంది అమ్మ. అక్క ఆ డ్రెస్సును ఆ వారమంతా రోజుకోసారి తీసి చూసుకుని మళ్లీ మడత పెట్టేది.

నాయిన మమ్మల్ని కొట్టేవాడు కాదు. ఇది చెప్పాలి. అమ్మ ఓర్చుకోవడం వెనక ఉన్న లెక్క అదొక్కటే. ఎప్పుడైనా అవ్వ దగ్గర ఏడ్చినప్పుడు, పిల్లల మీద చెయ్యి ఎత్తడు గద అత్తమ్మా, గంత చాలు నాకు అనేది. మా ఒళ్లు సాఫుగా ఉన్నన్ని రోజులు ఆమె ఒళ్లు ఏమైనా ఆమెకు సమ్మతమే. చిన్నదాన్నైనా ఆ మాట నాకు అర్థమయ్యేది, నాకు సిగ్గుగా ఉండేది, సంతోషంగా కూడా ఉండేది.

పండుగకు ముందటి ఆదివారం పొద్దున. ఎండ వచ్చాక మొదలయ్యే పెద్ద ఆరాధన అది. అక్క ఎర్ర డ్రెస్సు మీద స్వెటర్ తొడుక్కునే బయలుదేరింది. చర్చి దగ్గర తోటి పిల్లలు కనపడగానే ఆగలేకపోయింది, స్వెటర్ తీసి చంకలో పెట్టుకుంది. నెత్తిన చున్నీ ఉంది, మెడ దాకా బట్ట ఉంది. చేతులే మోచేతుల పైకి బయట ఉన్నాయి. గుమ్మంలో నాయిన అడ్డం నిలబడి, తొడుక్కో అన్నాడు. అక్క నవ్వుతూ, ఎండొచ్చింది గద నాయినా, లోపలికి పోయి తొడుక్కుంట అంది. ఆయనకు ఎదురు చెప్పడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. కానీ ఆ రోజు అక్క ఒంటి మీద కొత్త బట్ట ఉంది, పక్కన స్నేహితులున్నారు, మరిచిపోయింది.

ఆయన వెదురు బెత్తం తీసి అక్క చేతి మీద కొట్టాడు. ఒకటి కాదు. అక్క చెయ్యి వెనక్కి లాక్కుంటే మెడ పట్టి ముందుకు లాగి మళ్లీ కొట్టాడు. పోచంపల్లి చిలుకల కింద నుంచి మోచేతి దాకా చర్మం చిట్లి, ఎర్రటి గీతలు లేచాయి. చుట్టూ జనం ఉన్నారు. మగవాళ్లు చెప్పులు విడవడంలో మునిగిపోయారు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. కూతుర్ని భయంలో పెట్టుకుంటున్నాడని ఎవరో మెచ్చుకున్నారు కూడా. అమ్మ వచ్చింది, అక్క చంకలోంచి స్వెటర్ తీసి తొడిగింది, గుండీలు పెట్టింది, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నాకు ఆయన మీద కన్నా ఆమె మీదే కోపం వచ్చింది ఆ క్షణాన.

పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరయ్య ఎప్పటిలాగే, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లుంటే ముందుకు రండి అన్నాడు. మా దగ్గర అది ప్రతి వారం ఉండేదే. జ్వరం తగ్గిందని, బోరు పడిందని, కొడుకు పాసయ్యాడని చెప్తారు. అమ్మ ఏనాడూ చెప్పలేదు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆ రోజు లేచింది. చాపల మధ్య నుంచి నడిచి ముందుకు పోయింది. మొదట శాలువా తీసి కింద పెట్టింది. తర్వాత స్వెటర్ గుండీలు విప్పింది. అందరూ ఆమెకు ఉబ్బరంగా ఉందేమో అనుకున్నారు. స్వెటర్ తీసింది. రైక చేతుల మణికట్టు గుండీలు ఒక్కొక్కటి విప్పి, చేతులు పైకి, భుజాల దాకా తోసుకుంది.

మేమిద్దరం ఎప్పుడూ చూసేదే అది. వెలుగులో చూడలేదు. నల్లవి, పచ్చవి, మానుతున్నవి, నిన్నటివి. వైరు పడిన చోట చర్మం తాడు పేనినట్టు లేచి ఉంది. అమ్మ రెండు చేతులూ కొంచెం ముందుకు చాపి, చాలా మామూలు గొంతుతో మాట్లాడింది.

"అందరు నన్ను సూసి నిండుగ కట్టుకుంటున్నరు. నేనెందుకు కట్టుకున్ననో ఒక్కసారి సూడుండ్రి. గీ రోజు నా బిడ్డకు గూడ నిండు చేతులు కావాల్సొచ్చింది."

పాస్టరమ్మ ముందు వరసలోంచి పరుగెత్తుకొచ్చింది. కింద పడ్డ శాలువా తీసి అమ్మ మీద కప్పబోయింది. కప్పుకో చెల్లే, మగవాళ్లున్నరు అంటూ ఏడ్చేస్తోంది పాపం. ఆమెకు ముందు తోచింది అదే. అమ్మ ఆ శాలువాను రెండు చేతులతో ఆపింది.

"కప్పకు అమ్మా. సూడనియ్యి."

అప్పుడు లేచాడు నాయిన. మగవాళ్ల చాపలు తొక్కుకుంటూ వచ్చాడు. దారిలో కూర్చున్న ముసలాయన చెయ్యి తొక్కాడు, డోలక్ దొర్లిపోయింది. అమ్మ ముసుగుతో సహా జుట్టు దొరకబుచ్చుకుని వెనక్కి వంచి మొహం మీద గుద్దాడు. మొదటిసారి మొహం మీద. పెదవి పగిలింది, పంటికి తగిలి లోపల కూడా చీలింది. తెల్ల ముసుగు మీద రక్తం పడింది. రెండోసారి గుద్దాడు. అక్క ఆయన వీపు మీద పడి చొక్కా పట్టి లాగితే చొక్కా చిరిగింది, ఆయన మోచేత్తో పొడిస్తే అక్క గచ్చు మీద పడింది. నేను వెళ్లి ఆయన కాలు పట్టుకుని పిక్క మీద కొరికాను. ప్యాంటు గుడ్డలోంచి డాంబర్ గోళీల రుచి నా నోట్లోకి వచ్చింది, నేను వదల్లేదు. ఆయన కాలు విదిలించి తన్నాడు, నా తల గచ్చుకు తగిలింది. అంత మంది ఉన్నారు. పెళ్లాన్ని మొగుడు కొడుతుంటే మధ్యలోకి పోవడం ఎవరికీ అలవాటు లేదు, అందుకని చూస్తున్నారు.

ఎవరో గుమ్మం వైపు నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చారు. అవ్వ. ఆమె చేతిలో చెప్పుల కుప్పలోంచి తీసిన చెప్పు ఉంది, ఎవరిదో పాత రబ్బరు చెప్పు. గొంగడి జారిపోయింది. కొడుకు మొహం మీద ఆ చెప్పుతో కొట్టింది. కొడుతూనే ఉంది. చెంప మీద, నోటి మీద, ఆయన చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద.

"నీ అయ్య కొడితే నేను కప్పుకున్న. దీనికి గూడ కప్పుకొమ్మని నేనే జెప్పిన. నా మనుమరాలి మీదికొచ్చినవు. ఇగ కప్ప."

నాయిన తల్లి మీద చెయ్యి ఎత్తాడు. అప్పుడు కదిలారు మగవాళ్లు. తల్లిని కొట్టడం చూడలేకపోయారు. నలుగురు పట్టి ఆయన రెక్కలు విరిచి పట్టుకుని బయటికి లాక్కుపోయారు. బయట ఇంకో గొడవైంది, ఆయన ఎవరినో తన్నాడు, వాళ్లు తిరిగి తన్నారు, నల్లా కాలువలో పడ్డాడని తర్వాత విన్నాం. ఆయన అరుపులు వినపడుతుంటే లోపల పాస్టరయ్య చేతిలో బైబిలు పట్టుకుని ఏ పేజీ తీయాలో తెలియక నిలబడ్డాడు.

దవాఖానలో అమ్మ పెదవికి కుట్లు వేశారు. ఎట్లా తగిలిందని నర్సమ్మ అడిగింది. జారిపడ్డానని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో నాకు తెలుసు. ఈసారి, పిల్లల నాయిన కొట్టిండు అంది. వాచిన నోటితో ఆ మాట సరిగ్గా పలకలేదు, నర్సమ్మ మళ్లీ అడిగింది. అమ్మ మళ్లీ చెప్పింది. కేసు పెడతావా అని అడిగితే అవ్వ వైపు చూసింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. అంత చేసి కూడా అవ్వకు కొడుకును జైల్లో చూడాలని లేదు. దాని గురించి నేను అవ్వతో చాలా ఏళ్లు పోట్లాడాను.

ఆ వారం అవ్వ ఒంటిగదిలోనే ఉన్నాం. ఒకే మంచం, కింద వరిగడ్డి పరిచి దాని మీద గొంగడి. కోళ్ల వాసన, అవ్వ చుట్ట వాసన, అమ్మ పెదవికి రాసే మందు వాసన. అమ్మ పొట్టి చేతుల రైక తొడుక్కుని వాకిట్లో కూర్చునేది, చలికి ఒళ్లు జలదరిస్తున్నా ఏమీ కప్పుకునేది కాదు. దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. కోడిగుడ్లు తెచ్చామని ఒకరు, పాలు తెచ్చామని ఒకరు. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసేవాళ్లు. కాసేపు ఏదో మాట్లాడేవాళ్లు. తర్వాత రైక చేతులు పైకి తోసి అమ్మకు చూపేవాళ్లు. పిండివంటల రోజు పొయ్యి ముందు కూర్చుని కూడా చలి అని రైక చేతులు పైకి మడవని పక్కింటి చిన్నమ్మ చూపింది. కొత్త కోడలు చూపింది. చర్చిలో అందరికంటే ముందు నిండు చేతులు కుట్టించుకున్నామె, ఆమె మీద మేమెంత నవ్వుకున్నామో, ఆమె చూపింది.

మా అమ్మను చూసి వాడంతా మర్యాద నేర్చుకుందని పాస్టరమ్మ ఎంత మురిసిందో. వాళ్లలో సగం మందికి ఆ నియమం ఎండలో గొడుగు దొరికినట్టు దొరికింది. ఇక ఎవరూ ఎందుకని అడగరని కుట్టించుకున్నారు. అమ్మ ఒక్కొక్కరి చేయి పట్టుకుని చూసింది, ఎవరికీ ఓర్చుకోమని చెప్పలేదు, ఎవరికీ వదిలెయ్యమనీ చెప్పలేదు. వాళ్లు వెళ్లాక గోడ వైపు తిరిగి కూర్చునేది. ఆమె ఏడ్చిందేమో తెలియదు, నేను చూసేలా ఏడవలేదు.

పండుగ గడిచిన మొదటి ఆదివారం మా పంచాయితీ చర్చిలోనే పెట్టారు. పాస్టరయ్య ఆ రోజు క్షమాపణ మీద వాక్యం చెప్పాడు. నాయిన ముందుకు వచ్చి మోకరించాడు. ఆయన పెద్దరికం తీసేశారు, తువ్వాళ్ల బుట్ట దగ్గర ఇంకెవరో ఉన్నారు. ఆయన చెంప మీద చెప్పు అంచు గీరిన గుర్తు ఇంకా ఉంది. ఏడ్చాడు. నటన కాదు, నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. సైతాను ఆడించిండు అన్నాడు. చూస్తున్న వాళ్లందరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, అందుకు నా మీద నాకే మంట పుట్టింది. పెద్దమనుషులు అమ్మ వైపు తిరిగారు. బిడ్డా, దేవుడు మనల్ని క్షమించిండు, నువ్వు గూడ ఒక్క మాట అను, ఇంటికి పో, పిల్లలను చూసుకో అన్నారు.

అమ్మ లేచి నిలబడింది. నెత్తిన ముసుగు ఉంది. చేతులు మోచేతుల పైకి బయటే ఉన్నాయి. పెదవి కుట్లు ఇంకా తీయలేదు, మెల్లగా మాట్లాడింది.

"మాఫ్ జేసిన. దేవుని ముంగట అంటున్న, మనసుల ఏం పెట్టుకోలే. కని ఇంటికి రాను అయ్యగారూ. మాఫ్ జేసుడు నా పని, జేసిన. దెబ్బలు తినుడు నా పని కాదు."

పాస్టరయ్య బైబిలు మూసి, ప్రార్థన చేసుకుందాం అన్నాడు చివరికి. అందరూ కళ్లు మూసుకున్నారు. మోకాళ్ల మీదున్న నాయిన కూడా గట్టిగా కళ్లు మూసుకుని, చేతులు జోడించి, అందరికంటే పెద్దగా ప్రార్థిస్తున్నాడు. అమ్మ కళ్లు మూసుకోలేదు. ఒక చేత్తో అక్కను, ఒక చేత్తో నన్ను పట్టుకుని చాపల అంచు వెంట నడిచింది. అవ్వ వెనకే వచ్చింది. ఆయన ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి మేము ఆలేరు ఆటోలో కూర్చున్నాం.

ఆలేరులో ఒక గది కిరాయికి తీసుకుని, బడి పిల్లలకు వంట చేసే పనిలో కుదిరి అమ్మ మమ్మల్ని చదివించింది. అవ్వ మా దగ్గరే పోయింది. నాయిన అప్పుడప్పుడు వచ్చేవాడు, ఇప్పటికీ వస్తాడు. జుట్టు నెరిసింది, షుగర్ వచ్చింది. అమ్మ బయట అరుగు మీద చాప వేసి అన్నం పెడుతుంది, కూర మళ్లీ వడ్డిస్తుంది, మందులు వేసుకున్నవా అని అడుగుతుంది. గడప మాత్రం దాటనివ్వదు. ఆయనను ఒక్క మాట కూడా అనదు, మమ్మల్ని అననివ్వదు. మాఫ్ జేసిన గద అంటుంది.

ఆమె నిజంగానే చేసింది. నాకది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఆమెలో ఎక్కడ వెతికినా ఆ మనిషి మీద ద్వేషం దొరకలేదు. నేను మాఫ్ చేయలేదు. మా సంఘంలో ప్రతి ఆదివారం అందరం కలిసి, మేము ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని అడుగుతాం. ఆ మాట దగ్గరికి రాగానే నా నోరు మూసుకుపోతుంది, చుట్టూ అందరూ ఆ వాక్యం దాటేదాకా ఊరికే నిలబడతాను.